లావు ధార, సన్న ధార

ఎల్లారెడ్డిలో మా వాడకట్టుకు వచ్చిన ఉపద్రవాల్లో అన్నిటికంటే పెద్దది ఏదని ఇప్పటికీ ఎవరినైనా అడిగి చూడండి. వడగళ్ల వాన అనరు. కోతుల గుంపు అనరు. "టీచరమ్మ నీళ్ల మిషను పెట్టినప్పుడు..." అని మొదలుపెట్టి, మాట పూర్తి కాకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఆ టీచరమ్మను నేనే. పేరు సరిత. ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో నేనైతే దాన్ని ఎవరినీ మరిచిపోనిచ్చేదాన్ని కాదు.

ఇదంతా ఫోనులో మొదలైంది. ఎక్కడో ఎవరో మట్టి లేకుండా, ఎండ లేకుండా, ఇంట్లో గదిలోనే లైట్ల కింద ఆకుకూరలు పండిస్తున్న వీడియో ఒకటి చూశాను. ఒకటి చూస్తే ఫోను ఊరుకుంటుందా? వారం తిరిగేసరికి నాకు వంట వీడియోలు రావడం ఆగిపోయి, లెట్యూసు వీడియోలు మాత్రమే రాసాగాయి. లెట్యూసంటే బర్గరులో రొట్టెకూ రొట్టెకూ మధ్య పెట్టే పచ్చి ఆకు. సరిగ్గా అప్పుడే మా ఆయన స్నేహితుడి తమ్ముడు ప్రవీణ్ కామారెడ్డిలో బర్గర్ల షాపు పెట్టాడు. ఆకు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి వాడిపోతోందని ఒకసారి మా ఇంట్లో వాపోయాడు.

"వదినా, నువ్వు గిట్ల పండిస్తే మొత్తం నేనే తీస్కుంట" అన్నాడు, బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ.

ప్రవీణ్ అన్నది మర్యాదకు. నేను విన్నది ఒప్పందం.

గది కావాలి. మా ఇంట్లో ఖాళీగా ఉన్నట్టు కనిపించేది ఒకే ఒక్కటి, మా అత్తమ్మ బియ్యం సంచులు పెట్టుకునే అర్ర. మా అత్తమ్మ పేరు నర్సవ్వ. గొంతు పెంచకుండానే ఎదుటివాళ్లను కూర్చోబెట్టగల మనిషి. ఆ సంచుల జోలికి మా మామయ్య కూడా బతికున్న రోజుల్లో పోలేదట. నేను పోయాను.

"ఇంట్ల లైటు పెట్టి ఆకు పండిస్తవా?" అంది అత్తమ్మ. "బయట సూర్యుడు ఏం తప్పు జేసిండు?"

"ఇది సైన్సు అత్తమ్మా. పురుగు రాదు, మందు కొట్టే పని లేదు."

"ఆ ఆకు వండుతరా?"

"వండరు. పచ్చిదే తింటరు."

అత్తమ్మ చాలాసేపు నా ముఖంలోకి చూసింది. మేకను కొనేముందు పళ్లు చూసినట్టు. "సరే. బతుకమ్మ పండుగ దాకా అర్ర నీది. గప్పటికి నీ పచ్చి ఆకు రాకుంటె నా సంచులు నా అర్రల వడ్తయి" అంది. సంచులు హాల్లోకి వచ్చాయి. ఆ రోజు నుంచి మా ఇంటికి వచ్చిన వాళ్లంతా బియ్యం బస్తాల మీద కూర్చునే మాట్లాడేవాళ్లు.

అరలు వచ్చాయి, తెల్లటి పొడుగు లైట్లు వచ్చాయి, చిల్లులున్న చిన్న కప్పులు, నీళ్లు తిప్పే బుల్లి మోటరు, నీళ్లలో కలపాల్సిన ఎరువుల సీసాలు వచ్చాయి. మిగిలింది నీళ్లు. మా బోరు నీళ్ల సంగతి తెలిసిన వాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియని వాళ్లు మా ఇంటి స్టీలు గిన్నెలు చూస్తే చాలు. కడిగి ఆరబెడితే గిన్నె మీద తెల్లగా సున్నం వేసినట్టు ఉంటుంది. మట్టిలో అయితే మొక్క ఎలాగో సర్దుకుంటుందేమో కానీ, నీళ్లలోనే వేళ్లు పెట్టుకుని బతికే మొక్కకు ఆ ఉప్పులన్నీ నేరుగా గొంతులోకే. కాబట్టి ఆర్వో ఫిల్టరు పెట్టాల్సిందే. ఇది నేను చెప్పింది కాదు, ఫోను చెప్పింది. ఫోను చెప్పింది నిజమే కూడా.

ఒక సెలవు రోజు కామారెడ్డి వెళ్లాను. స్టేషన్ రోడ్డులో ఒక షాపు నిండా ఆర్వో మిషన్లే. నీలం లైట్లు మిణుకు మిణుకుమంటూ, పెళ్లి బరాతులో గుర్రం బండిలా ముస్తాబై వరసగా నిలబడి ఉన్నాయి.

"రండి మేడమ్. ఇంట్ల తాగేటోళ్లు ఎంతమంది?" అన్నాడు షాపాయన.

"నూట యాభై."

ఆయన చేతిలోని గుడ్డ కింద పడింది. "హాస్టలా మేడమ్?"

"కాదు, లెట్యూసు."

ఆయన గుడ్డ తీసుకున్నాడు. లెట్యూసు అనేది ఏ ఊరో, ఏ కులమో అడగాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించినట్టున్నాడు. అడగలేదు. వ్యాపారం చేసేవాడికి ఆ మాత్రం ఓపిక ఉండాలి.

"ఇది సూడండి మేడమ్. దీంట్ల రాగి కూడ కలుస్తది."

"మొక్కలకు రాగి చెంబు అక్కర్లేదు."

"అయితె ఇది. మినరల్ కలుపుతది. నీళ్లు తియ్యగ ఉంటయి."

"మొక్కలకు నాలుకెక్కడిది? మినరల్ తీసెయ్యాలనే గదా నేను కొనేది. తీసి మళ్ల కలుపుడెందుకు? ఎంత కలపాల్నో నేను కలుపుకుంట."

"ఇది లైటుతోని సూక్ష్మక్రిములను సంపుతది."

"దినానికి ఎన్ని లీటర్లు ఇస్తది, అది చెప్పండి. లోపల ప్రెజరు పెంచే పంపు ఉందా? మా ట్యాంకి ఎత్తు తక్కువ."

ఇక్కడ ఒక మాట నా తరఫున నేనే చెప్పుకోవాలి. అప్పటిదాకా నేను అడిగినవన్నీ సరైన ప్రశ్నలే. మొక్కల కోసం ఆర్వో ఎంచుకునేవాళ్లు చూడాల్సినవి అవే: రోజుకు ఎన్ని నీళ్లు, ప్రెజరు సరిపోతుందా, ఉత్త నీళ్లు ఇస్తుందా లేక మళ్లీ ఏదైనా కలిపి ఇస్తుందా. నా మాటలకు షాపాయన ముఖంలో గౌరవం మొలకెత్తడం నేను కళ్లారా చూశాను. కొంప ముంచింది ఆ గౌరవమే.

చివరికి షాపు మూలన, దుమ్ములో, డబ్బా గిబ్బా ఏమీ లేకుండా ఇనుప ఫ్రేముకు బిగించిన ఒక మిషన్ను చూపించాను. పేగులన్నీ బయట వేసుకున్నట్టు గొట్టాలు వేలాడుతున్నాయి.

"అది చిన్న హోటళ్లోళ్లు తీస్కపోతరు మేడమ్. చూడనీకి మంచిగుండది."

"అందం నాకెందుకు? అదే ఇవ్వండి."

"మంచిది మేడమ్. మెకానిక్ బేస్తవారం వచ్చి బిగిస్తడు."

"బేస్తవారం దాకా ఎవరాగుతరు? నేనే బిగించుకుంట."

"రెండు పైపులొస్తయి మేడమ్. ఒకటి మంచి నీళ్లది, ఒకటి వేస్టుది. రెండూ తెల్లగ ఒక్క తీర్గనే ఉంటయి, జర సూసి..."

"నేను సైన్సు టీచర్ని."

అంతే, ఆయన పైపుల మాట వదిలేశాడు. సైన్సు టీచర్లు ఆ షాపుకు అంతకుముందు కూడా వచ్చి ఉంటారు. అయినా అలవాటు చావక చివర్లో ఒక చిన్న మీటరు తీసి చూపించాడు. పెన్నులా ఉంది. "నీళ్లల్ల ముంచితె ఎన్ని ఉప్పులున్నయో నంబరు చూపెడ్తది మేడమ్. ఉంటె మంచిది."

"ఫిల్టరు నుంచి వచ్చిన నీళ్లకు మళ్ల పరీక్షా? పాసైన పిల్లగానికి మళ్ల హాల్ టికెట్ ఇస్తమా?" అన్నాను. చాలా బాగా అన్నానని నాకే అనిపించి, ఇంకోసారి కూడా అన్నాను.

మా ఆయన శ్రీనివాస్ బస్సు కండక్టరు. ఆ రోజు ఆయన డ్యూటీ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికే. మిషన్ను వెనక సీటులో నా పక్కన కూర్చోబెట్టుకుని, దాని గొట్టాలు సర్దుతూ వచ్చాను. లింగంపేటలో ఎక్కిన ఒకామె దాన్ని చూసి మెల్లగా అడిగింది. "ఎవరికి బాగలేదక్కా? ఆక్సిజన్ పెడ్తున్నరా?"

మా ఆయన టిక్కెట్లు కొడుతూ నా వైపు రాకుండానే దిగే గేటు దాకా వెళ్లిపోయాడు.

ఇంటికి రాగానే స్పానరు పట్టుకున్నాను. బిగించడం నిజంగానే కష్టం కాలేదు. బోరు ట్యాంకి నుంచి నీళ్లు లోపలికి, అక్కడి నుంచి రెండు తెల్ల పైపులు బయటికి. స్విచ్చి వేశాను. మిషను గుర్రుమంది. ఒక పైపులోంచి నీళ్లు లావుగా, జోరుగా వచ్చాయి. రెండో దాంట్లోంచి సన్నగా, జలుబు చేసిన ముక్కులోంచి వచ్చినట్టు వచ్చాయి.

ఇప్పుడు మీరు చెప్పండి. ఇంత పెట్టి కొన్న మిషను. బస్సులో టిక్కెట్టు లేకుండా వచ్చిన మిషను. అందులో మంచి నీళ్లు ఏవి, పారబోసే నీళ్లు ఏవి? జోరుగా వచ్చేవి మంచివి, సన్నగా కారేవి వేస్టు. వేస్టు అన్నాక తక్కువే ఉండాలి గదా! బియ్యం ఏరితే రాళ్లు పిడికెడే వస్తాయి గానీ బస్తాడు రావు గదా! ఆ లెక్కన లావు పైపును మొక్కల ట్యాంకులో పెట్టాను. సన్న పైపును కిటికీలోంచి దొడ్లోకి వదిలాను. తొమ్మిదో తరగతికి ద్రవాభిసరణం పాఠం ఏటా చెప్పే మనిషిని. పాఠంలో పొర గురించి ఉంటుంది, ఒత్తిడి గురించి ఉంటుంది. ఏ పైపు లావుగా కారుతుందో మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

"సూసినవా?" అన్నాను సాయంత్రం ఇంటికొచ్చిన మా ఆయనతో. "ఫోన్ల అందరు ఆర్వోల వేస్టు ఎక్కువ పోతది అని మొత్తుకుంటరు. మన మిషన్ల చుక్కలు చుక్కలే పోతున్నది. మంచిది చూసి తెచ్చిన."

"మంచిగుంది" అన్నాడాయన. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆయుధం ఈ ఒక్క మాటే.

మొదటి వారం విత్తనాలు మొలిచాయి. తడి స్పాంజిలో మొలిచాయి కాబట్టి వాటికింకా నా నీళ్ల రుచి తెలియదు. అరల్లోకి మార్చాక మొదలైంది. ఆకులు పెరగలేదు. అంచులు గోధుమ రంగుకు తిరిగి, ఇస్త్రీపెట్టె తగిలిన పాలిస్టర్ చీరలా ముడుచుకున్నాయి. కప్పుల చుట్టూ తెల్లటి పొర పేరుకుంది.

నాలో శాస్త్రవేత్త మేల్కొంది. లైట్లు దగ్గరయ్యాయేమోనని పైకి ఎత్తాను. విత్తనాల కంపెనీని తిట్టాను. అత్తమ్మ పొద్దున వెలిగించే ఊదుబత్తి పొగను నిషేధించాను. మా ఆయన అర్ర తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి వస్తోందని ఆయన్నూ నిషేధించాను. చివరికి ఒక సిద్ధాంతం కనిపెట్టాను: పుట్టి బుద్ధెరిగి ఇంత స్వచ్ఛమైన నీళ్లు ఎరగని మొక్కలు, అలవాటు పడడానికి టైం పడుతుంది. ఎరువు ఎక్కువై ఉప్పు పేరుకుందేమో కూడా, కడిగేస్తే సరి. ట్యాంకు ఖాళీ చేసి, లావు పైపు నుంచి స్వచ్ఛమైన నీళ్లు నిండా పట్టి కడిగాను. అంచులు ఇంకా మాడాయి. ఇంకా కడిగాను. ఇంకా మాడాయి.

ఇక దొడ్లో సంగతి. నీళ్లు ఊరికే పోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు మా అత్తమ్మ. సన్న పైపు కింద బిందె పెట్టింది. నేను గమనించలేదు. నేను గమనించినది వంటింట్లో పప్పు.

"ఇయ్యాల కుక్కరు రెండు కూతలకే పప్పు మెత్తగ ఉడికింది" అంది అత్తమ్మ. "రోజు ఎన్ని కూతలేసినా రాళ్ల లెక్కనే ఉంటుండె."

"పప్పు మంచిది తెచ్చినట్టున్నరు."

"పప్పు గదే. నీళ్లు మారినయి. నీ మిషను పారబోసే నీళ్లు పట్టిన."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "అత్తమ్మా! అవి వేస్టు నీళ్లు! బోరు నీళ్లల్ల ఉన్న ఉప్పులన్ని తీసి మిషను అందులకే పంపుతది. ఆ నీళ్లల్ల మొత్తం ఉప్పే!"

అత్తమ్మ శాంతంగా నా పళ్లెంలోకి చూసింది. "మొత్తం ఉప్పే ఉంటె, పప్పుల నేను ఉప్పెందుకు ఎయ్యాల్సి వచ్చింది?"

ఈ ప్రశ్న దగ్గర బుద్ధి ఉన్నవాళ్లెవరైనా ఆగి ఆలోచిస్తారు. నేను ఆ ఉప్పు వేరు, ఈ ఉప్పు వేరు అని బోర్డు లేకుండానే ఓ పీరియడు పాఠం చెప్పాను. అత్తమ్మ అంతా విని, "సల్లారిపోతది, తిను" అంది.

తర్వాత ఆమె ఆ నీళ్లతో తల రుద్దుకుంది. జుట్టు పట్టులా అయిందని పక్కింటి రాజవ్వకు చూపించింది. రాజవ్వ ఒక బిందె అడిగి తీసుకుపోయింది. రాజవ్వ ఇంట్లో సబ్బు నురగ వచ్చింది. మా వాడకట్టులో ఎవరూ అంత నురగ చూసి ఉండరు, ఆమె మనవరాలు బకెట్టు వీధిలోకి తెచ్చి మరీ చూపించిందట. ఆ తర్వాత ఎదురింటి భూమవ్వ. ఆ తర్వాత వెనక సందు. సన్న ధార కదా, బిందె నిండడానికి చాలాసేపు పట్టేది. అంతసేపూ మా దొడ్లో అందరూ కూర్చుని ముచ్చట్లు. నేను బడి నుంచి వచ్చేసరికి బిందెల వరస గేటు దాకా ఉండేది.

"టీచరమ్మా, నీ పాడు నీళ్లు ఇంకో బిందెడు పట్టుకపోతున్న" అనేది రాజవ్వ, ఎంతో మర్యాదగా.

"రాజవ్వా, అవి మంచివి కావు! మోకాళ్లు పట్టుకుపోతయి!"

"మోకాళ్లు ఎప్పుడో పట్టుకుపోయినయి బిడ్డా. చాయ్ మాత్రం మంచిగయితున్నది."

తాగుతున్నారు కూడా! నాకు నిజంగా భయం వేసింది. ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు. వీళ్లకేమైనా అయితే పాపం నాది. ఒక అట్టముక్క మీద "ఈ నీళ్లు తాగరాదు" అని ఎర్ర స్కెచ్చుతో రాసి పైపుకు కట్టాను. మర్నాడు ఆ అట్టముక్కను బిందె మీద మూతగా పెట్టారు, దుమ్ము పడకుండా.

ఇటు మొక్కలు పోతున్నాయి, అటు జనం పోతారేమో. బతుకమ్మ దగ్గరికి వచ్చేస్తోంది. ప్రవీణ్ ఫోను చేశాడు. "వదినా, ఆదివారం వస్తున్న. ఆకు ఎట్లుందో చూస్త. మంచిగుంటె ఆ రోజు నుంచే హైదరాబాద్ ఆకు బంద్ చేస్త." నేను రమ్మన్నాను. ఆశ అంటే అదే. ఆదివారానికల్లా మొక్కలకు బుద్ధి వస్తుందనుకున్నాను.

వాడకట్టు సంగతి మాత్రం వదలదలచుకోలేదు. మాటలతో వినరు, కళ్లకు చూపిస్తే వింటారు. "ఆ షాపుల ఒక మీటరుంటది, పట్టుకరా" అని మా ఆయనకు చెప్పాను. శనివారం తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఒకసారి ముంచి సూస్కో ముందుగాల" అన్నాడు.

"అందరి ముంగటనే ముంచుత. ముందుగాల మనం చూసి పెట్టుకుంటె మోసమనుకుంటరు" అన్నాను. ఆ ఒక్క రాత్రి గుట్టుగా ముంచి చూసి ఉంటే ఇవాళ ఈ కథ లేదు.

ఆదివారం పొద్దున దొడ్లో స్టూలు వేసి, తెల్లగుడ్డ పరిచి, మూడు గాజు గ్లాసులు పెట్టాను. వాడకట్టు ఆడవాళ్లంతా బిందెలతో సహా వచ్చారు. అత్తమ్మ అరుగు మీద కూర్చుంది. అంతలో ప్రవీణ్ బండి దిగాడు. ఇంత జనం చూసి ఎవరింట్లోనైనా ఏమైనా అయిందేమోనని హెల్మెట్ తీసి వినయంగా నిలబడ్డాడు. "కూర్చో ప్రవీణ్, ఒక చిన్న ప్రయోగం. తర్వాత ఆకు చూద్దం" అన్నాను. ప్రేక్షకుల్లో ఒక పట్నం మనిషి ఉండడం నాకు బాగా నచ్చింది.

"అందరు వినండి" అన్నాను. "ఈ మీటరు నీళ్లల్ల ముంచితె నంబరు వస్తది. నంబరు ఎక్కువుంటె పాడు నీళ్లు. నంబరు తక్కువుంటె మంచి నీళ్లు. ఏమర్థమైంది? రాజవ్వా, నువ్వు చెప్పు."

"ఎక్కువుంటె పాడు. తక్కువుంటె మంచి."

"భూమవ్వా?"

"గదే. ఎక్కువ పాడు, తక్కువ మంచి."

"అందరు ఒక్కసారి!"

అందరూ ఒక్కసారి అన్నారు. ప్రవీణ్ కూడా అన్నాడు.

మొదటి గ్లాసు, బోరు నీళ్లు. ముంచాను. ఎనిమిది వందల చిల్లర. "చూసిన్రా? ఇవి మన బోరు నీళ్లు. మధ్యరకం పాడు. ఇప్పుడు మీరు రోజు తాగుతున్న వేస్టు నీళ్లు చూడండి. భయపడకండి."

రెండో గ్లాసులో ముంచాను. భయపడింది నేను. ముప్పై రెండు.

విదిలించాను. గుడ్డతో తుడిచాను. మళ్లీ ముంచాను. ముప్పై ఒకటి.

"మీటరు ఇంక వేడెక్కలేదు" అన్నాను. ప్రపంచంలో ఏ మీటరుకూ వేడెక్కాల్సిన అవసరం లేదని నాకు తెలుసు. గబగబా మూడో గ్లాసులో ముంచాను. నా మొక్కల ట్యాంకును నింపే లావు ధార నుంచి, అప్పుడే పట్టి తెచ్చిన స్వచ్ఛమైన నీళ్లు. నంబరు ఐదు వందలు దాటింది, ఎనిమిది వందలు దాటింది, వెయ్యి దాటింది. దాటి ఇంకా ఎక్కుతూ ఉంటే నేను మీటరు బయటికి లాగేశాను.

అందరూ మెడలు చాచి మీటరు వైపు చూశారు. పైపు మాత్రం సన్నగా కారుతూ ఉంది.

ముందుగా నోరు తెరిచింది రాజవ్వ. మంచి విద్యార్థిని. చెప్పిన పాఠం మరిచిపోలేదు. "నంబరు ఎక్కువుంటె పాడు నీళ్లు. గంతే గద టీచరమ్మా?"

"మీటరు ఖరాబైంది" అన్నాను.

"నిన్ననే తెచ్చిన" అన్నాడు మా ఆయన. పెళ్లయినప్పటి నుంచి నేను అడగకుండా ఆయన చెప్పిన మొదటి నిజం అది.

ఆ తర్వాత దొడ్లో పుట్టిన నవ్వును నేను వర్ణించలేను. భూమవ్వ బిందె మీద వాలిపోయింది. ప్రవీణ్ పాపం, నా మీద గౌరవంతో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గోడవైపు తిరిగిన వాడి భుజాలు ఎగిరెగిరి పడుతుంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

నవ్వనిది అత్తమ్మ ఒక్కతే. అరుగు దిగి వచ్చి మూడు గ్లాసులూ చూసింది. మెల్లగా అడిగింది. "అంటె ఇన్ని దినాలు గా మొక్కలు తాగింది పాడు నీళ్లా?"

నేను తలూపాను.

"అయ్యో, పాపం" అంది. "కడిగి కడిగి మరీ తాగించినవు."

నవ్వితే బాగుండేది. ఆ 'పాపం' తగిలినట్టు నవ్వు తగల్లేదు. అర్రలోకి వెళ్లి తలుపేసుకున్నాను. లైట్ల కింద, ముడుచుకుపోయిన ఆకుల ముందు నిలబడితే నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటికి నోరుంటే ఏమనేవో! లైట్లదని అన్నాను, విత్తనాలదని అన్నాను, పొగదని అన్నాను, ఇంట్లో అందరిదీ తప్పన్నాను.

కాసేపటికి అత్తమ్మ వచ్చింది. వెనక ప్రవీణ్.

"ఏడ్వకు. మొక్కలు సావలే, ఇంక పచ్చగనే ఉన్నయి నడుమల" అంది. "ఆ పైపు ఇటు పెట్టు, ఈ పైపు అటు పెట్టు. గంతే గదా?"

"బతుకమ్మ దాకనే అంటివి గదా అత్తమ్మా."

"అన్న. సంచులు హాల్లనే ఉండనియ్యి. వచ్చినోళ్లు కూసునేతందుకు మంచిగుంటున్నయి."

ప్రవీణ్ గొంతు సవరించుకున్నాడు. "వదినా, నేను హైదరాబాద్ ఆకే తెప్పించుకుంట ఇంకో నెల. నువ్వు మళ్ల వెయ్యి. తీస్కునేది మాత్రం నీ దగ్గరనే."

మొక్కల సంగతి ముందే చెప్పేస్తాను, మీకు బెంగ లేకుండా. పాతవి కొన్నే బతికాయి. కొత్తగా వేసినవి లేచాయి. మధ్యలో లేతాకుల కొసలు మళ్లీ మాడితే, ఈసారి నోరు మూసుకుని చదివాను. ఫిల్టరైన నీళ్లల్లో ఏమీ ఉండదు, కాల్షియం కూడా ఉండదు, అది మనమే కలపాలి. కలిపాను. ప్రతిసారీ మీటరు ముంచి మరీ కలిపాను. ఇప్పుడు కామారెడ్డిలో ప్రవీణ్ బర్గరు కొరికితే కరకరమనేది మా అత్తమ్మ బియ్యం అర్రలో పండిన ఆకే. తీసుకుపోయేది మా ఆయన, బస్సులో, తడిగుడ్డ కప్పి.

కానీ నా పరువు సంగతి ఆ ఆదివారంతో అయిపోలేదు. అసలుది మర్నాడు.

ఆ సాయంత్రమే పైపులు మార్చాను. సన్నది ట్యాంకులోకి, లావుది దొడ్లోకి. సోమవారం పొద్దున లేచేసరికి దొడ్లో బిందెల వరస మామూలుగానే ఉంది. పైగా నీళ్లు లావుగా వస్తున్నాయి కదా, వాడకట్టంతా సంబరంగా ఉంది.

"టీచరమ్మా, సల్లగుండు! ఇయ్యాల మస్తు జోరుగొస్తున్నయి!" అంది రాజవ్వ.

పరుగెత్తాను. "ఆగండి! పట్టకండి! ఇవి వేస్టు నీళ్లు! నిజంగ వేస్టు నీళ్లు! నిన్న పైపు మార్చిన!"

రాజవ్వ భూమవ్వను చూసింది. భూమవ్వ రాజవ్వను చూసింది. ఇద్దరూ నన్ను చూశారు, బడిలో మందమతి పిల్లను చూసినట్టు, ఎంతో దయగా.

"నిన్నటి దాంక నువ్వు గిదే అంటివి గద బిడ్డా" అంది రాజవ్వ. "నువ్వు వద్దన్న నీళ్లే మంచియని మీటరే చెప్పింది."

మీటరు తెచ్చాను. ముంచాను. వెయ్యి దాటింది. "చూడండి!"

"గది ఖరాబైందని నువ్వే అంటివి" అంది భూమవ్వ, బిందె చంకకెత్తుకుంటూ.

నా చదువు, నా ఉద్యోగం, నా ఎర్ర స్కెచ్చు, ఏదీ పనికి రాలేదు. చివరికి అత్తమ్మ పళ్లపుల్ల నోట్లోంచి తీసి, "భూమీ, అవి పారబొయ్యి. నేను జెప్తున్న" అంది. అంతే. భూమవ్వ బిందె అక్కడే వంచేసింది. ఎందుకు, ఏమిటి అని ఒక్కరు అడిగితే ఒట్టు. ఆ రోజు నుంచి సన్న ధారలో మొక్కలకు పోగా మిగిలింది వాడకట్టుకు వంతులవారీగా పంచే పెత్తనం అత్తమ్మదే. లావు ధారతో బండలు కడిగే పని నాది.

కాబట్టి ఇందుమూలంగా యావన్మంది పాఠక మహాశయుల ఎదుట, కుడిచేతిలో స్పానరు, ఎడమచేతిలో మీటరు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఈ జన్మలో ఏ పైపునూ దాని జోరు చూసి నమ్మను. ముంచి చూడకుండా ఏ నీళ్ల గురించీ నోరు విప్పను. ఒకవేళ విప్పాల్సి వస్తే, ఆ ముక్క మా అత్తమ్మ చేతనే చెప్పిస్తాను.